వేన్నీళ్ళలో కడిగిన విజిల్

విజిల్‌ను గ్లాసులోంచి తీసి రెండుసార్లు విదిలించి, ఉతికిన జేబురుమాలులో చుట్టి పైజేబులో పెట్టుకున్నాడు. ఆ గ్లాసు వేరు. దాంతో ఇంట్లో ఎవరూ నీళ్ళు తాగరు. ముప్ఫై ఏళ్ళుగా అతని భార్య పొద్దున్నే పొయ్యి వెలిగించేది ఆ విజిల్‌కు వేన్నీళ్ళు కాచడానికే.

"నన్నెప్పుడైనా ఇంత అపురూపంగా చూసుకున్నారా?" అందామె, అన్నం డబ్బా అందిస్తూ. తర్వాత గొంతు తగ్గించింది. "స్టేషన్లో ఇస్తామన్న ఆ గోదాము పని ఒప్పేసుకోండి. కూర్చుని చేసేదేగా. రాత్రంతా గుండె రుద్దుకుంటూనే ఉన్నారు."

"గోదాములో ఎలుకలుంటాయే."

"ప్లాట్‌ఫారం మీద మనుషులున్నారుగా మరి!"

అతను డబ్బా అందుకున్నాడు. నిజం చెప్పాలంటే ఎలుకలే నయం.

రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద అతని పని ఒక్కటే. తలుపులు మూసుకున్నాక రైలు పొడవునా చూసి విజిల్ ఊదాలి. అతను ఊదందే రైలు కదలదు. స్టేషన్లో అందరూ విజిల్ బాబాయ్ అంటారు.

ఏడున్నరకే జనం మొదలైంది. చెమట, తలనూనె, నిన్నటి ఉల్లిపాయ కలిసిన ఒకే వాసన. ఒకడు ముక్కు చీది వేళ్ళు స్తంభానికి రాశాడు. అదే స్తంభానికి ఇంకొకడు ఆనుకున్నాడు. ఒకడు పక్కవాడి భుజం మీద చుండ్రు రాలేలా తల దువ్వుకున్నాడు. కిటికీ అద్దాలనిండా నుదుళ్ళ జిడ్డు. రైలు ఇంకా ఆగకముందే తోపులాట. కన్నతల్లి మంచంలో ఉందన్నా వీళ్ళు ఇంత పరుగున పోరు. అతను రోతతో రెండడుగులు వెనక్కి జరిగాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ రోత ఒక్క రోజూ తప్పలేదు.

అందుకే ముఖాలు చూడడు. పాదాలే చూస్తాడు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, జనం కేకలకు కంగారుపడి చూడకుండా ఊదేశాడు. తలుపులో ఒక దర్జీ పాదం ఇరుక్కుని ఉండగానే రైలు కదిలింది. ఆ దర్జీ మళ్ళీ కుట్టుమిషను తొక్కలేదు. ఆ తర్వాత చివరి మడమ లోపలికి పోయేదాకా అతను విజిల్ నోట పెట్టలేదు. జనం మీద ప్రేమతో కాదు, ఆ దర్జీ కేక మరోసారి వినలేక.

స్టేషన్ అధికారి వచ్చి పక్కన నిలబడ్డాడు. కూతురి ఈడువాడు.

"బాబాయ్, నీ కాళ్ళ పరీక్షతో నా ప్రాణం తోడేస్తున్నావు. ఇవాళ ఎనిమిదీ నలభై బండి ఒక్క నిమిషం లేటయినా రేపట్నుంచి గోదామే. చెప్పలేదనకు."

అతను తలూపాడు.

ఎనిమిదీ నలభై వచ్చింది, నిండింది, తలుపులు మూసుకుంది. అతను మొదటి పెట్టెనుంచి చూసుకుంటూ పోయాడు. నాలుగో పెట్టె రెండో తలుపు సందులోంచి ఒక బూటు బయటికుంది, బూటులో చీలమండ ఉంది.

"ఊదు బాబాయ్!" అధికారి మెట్ల మీదినుంచి అరిచాడు. లోపలివాళ్ళు అద్దాలు బాదారు. గడియారం ముల్లు నలభై దాటింది. గోదాము ఖాయమైంది.

అతను ఊదలేదు. ఎర్రజెండా ఎత్తి పరుగెత్తాడు. ఎడమ రొమ్ములో నొప్పి మెలిపెట్టింది. తలుపు బాది తెరిపించి, ఆ బూటును రెండు చేతులా లోపలికి నెట్టాడు. లావుపాటి మనిషి ఒకడు వంగి చూశాడు.

"నా కాలు, నా ఇష్టం! నీకేం పోయింది? ఆఫీసుకు లేటవుతోందిక్కడ!"

మాటతోపాటు ఎంగిలి తుంపర వచ్చి అతని చెంపమీద పడింది. భుజానికేసి తుడుచుకున్నాడు. అయినా అది అక్కడే ఉన్నట్టనిపించింది. ఛీ, వీళ్ళకోసమా అనుకున్నాడు.

వెనక్కి నడిచి తన ఇనుప స్టూలు మీద కూర్చున్నాడు. మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చూశాడు. పాదాలన్నీ లోపలే ఉన్నాయి. రుమాలు విప్పి, విజిల్ పెదాల మధ్య పెట్టుకుని, ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి బయటికి రాలేదు.

రైలు ఆగే ఉంది.

"ఏమయ్యోయ్, చచ్చావా ఏంటి?" ఎవడో కిటికీలోంచి కేకేశాడు. పెట్టెలో పదిమంది నవ్వారు.

అధికారి పరుగున వచ్చి భుజం పట్టి కుదిపాడు. తల వాడి చేతిమీదికి వాలింది. వాడు గడియారం చూశాడు, రైలు చూశాడు. పెదాల మధ్యనుంచి విజిల్ లాగి, ప్యాంటుకు తుడిచి, గట్టిగా ఊదాడు. పాదాలకేసి చూడలేదు. చూడాల్సిన మనిషి చూసే పోయాడు. రైలు కదిలింది.

నలుగురు కూలీలు అతన్ని మోసుకుపోతుంటే, తర్వాతి బండికోసం వచ్చినవాళ్ళు దారివ్వడానికి విసుక్కున్నారు.

స్టూలు మీద విజిల్ మిగిలింది. దాని మూతి ఇంకా ఎంగిలి తడితో ఉంది, అతని ఎంగిలి మాత్రం కాదు.