పొట్టమీది పిల్ల

నిచ్చెన పైమెట్టు మీద కూర్చుని కుట్లమ్మ బొచ్చుగుడ్డలోకి పెద్ద సూది దింపింది. ఎదురుగా నేల స్లాత్ అనే జంతువు బొమ్మ, ఏనుగంతది, తోక మీద బరువు మోపి, వెనక్కాళ్ల మీద నిలబడి ఉంది. ఎప్పుడో అంతరించిపోయిన ఆ జంతువును మ్యూజియం వాళ్లు కర్రతో, ఇనుముతో తిరిగి చేయించారు. దానికి ఒళ్లంతా బొచ్చు తొడగడం ఆవిడ పని.

ఇన్నాళ్లూ ఆవిడ కుట్టినవి స్కూలు యూనిఫారాలే. పిల్లలు మోకాళ్ల దగ్గర చింపుకుని మళ్లీ ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆ కుట్టును ఆగి చూసినవాళ్లు లేరు. ఇప్పుడు చూపు మసకబారుతోంది. ఈ బొమ్మే ఆఖరిది, తర్వాత కుట్టుపని మానేస్తానని ఇంట్లో చెప్పేసింది.

"ఇంత లావుది చెట్టెలా ఎక్కేదే అమ్మాయీ?"

కింద గోళ్లకు రంగు వేస్తున్న పరిశోధకురాలు నవ్వింది. "ఎక్కేది కాదు పిన్నీ, కొమ్మల్నే కిందికి లాక్కునేది. దీని బంధువులు కొన్ని సముద్రంలోకి దిగి గడ్డి మేశాయి. పెద్దవన్నీ పోయాయి. చెట్లమీది చిన్నవే మిగిలాయి. అవి మహా నిదానం."

"మా ఆయన చుట్టాలన్నమాట."

మధ్యాహ్నానికి పొట్ట దగ్గర జానెడు బొచ్చుగుడ్డ తక్కువైంది. లాగి కుడితే చంక పిగిలింది. రేపు పొద్దున్నే చూడ్డానికి స్కూలు పిల్లలొస్తారు. అమ్మాయి మొహం వాడిపోయింది.

"ఆ చిన్నవి పిల్లల్నెలా మోస్తాయే?" అంది కుట్లమ్మ.

"పొట్టమీదే. కరుచుకుని ఉంటాయి. ఇదీ అలాగే మోసేదో లేదో..." అమ్మాయి ఆగి, నేలమీది బొచ్చుముక్కల కేసి చూసింది. "పిన్నీ!"

"ముందు ఆ ముక్కలు ఏరవే!"

ఆ ముక్కల్లో అమ్మాయి దూది కూరింది, కుట్లమ్మ పిల్లను కుట్టింది. ఒక కాలు పొట్టిదైందని ఒకరు, మూతి వంకర పోయిందని ఒకరు పడీపడీ నవ్వారు. 'పిల్ల మా ఊహ' అని అమ్మాయి బోర్డు మీద నిజాయితీగా రాసిపెట్టింది. జానెడు ఖాళీ పిల్ల వెనక మాయమైంది.

సాయంత్రం ఆవిడ భర్త వచ్చి తలెత్తి చూశాడు.

"ఆ పిల్లకి నీ ముక్కు పెట్టావేమే?"

"నిదానం ఎలాగూ మీదే. ముక్కయినా నాది ఉండొద్దూ?"

కత్తెర సంచిలో వేసుకుని ఆవిడ గుమ్మం దాకా నడిచింది. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి బొమ్మను కళ్లారా చూసుకుంది. బయట ఆయన స్కూటరు స్టార్ట్ చేసిన చప్పుడు వినబడింది.

మర్నాడు తలుపు తీయగానే పిల్లలు "అదిగో, పిల్ల!" అని అరుస్తూ బొమ్మ చుట్టూ మూగారు. పిల్ల వీపు మీద, కత్తిరించడం మరచిన దారం కొస ఒకటి ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతూ ఉంది.