ఉప్పు నలభై రెండు

హాల్లో ఉప్పునీటి చేపల ట్యాంకు అంచున పేరుకున్న ఉప్పు పెచ్చుల్ని తడిగుడ్డతో తుడవడం రత్నమాణిక్యానికి పొద్దున్నే కాఫీ కన్నా ముందు పని. అమ్మ కంటి ఆపరేషనని నరసాపురం వెళ్ళి, పది రోజుల తర్వాత ఇవాళే భీమవరం తిరిగొచ్చింది. వస్తూనే గుడ్డ అందుకుని, అద్దం ముందు ఆగిపోయింది. బొటనవేలంత ముక్కగా తెచ్చి మూడేళ్ళు పెంచిన పగడం, ఆకుపచ్చ వేళ్ళన్నీ లోపలికి లాక్కుని ఎముకలా నిలబడి ఉంది.

"నీ ట్యాంకుకి ఏదో జబ్బు చేసింది," అన్నాడు భర్త శివరామరాజు సోఫాలోంచి.

బాగున్నన్నాళ్ళూ అది ఆయన ట్యాంకే. రొయ్యల చెరువులు కలిసొచ్చిన ఏడాది ముచ్చటపడి కొన్నది ఆయన; చుట్టాలొస్తే "మా ఇంటి సముద్రం" అని చూపించేదీ ఆయనే. చాకిరీ మాత్రం ఆమెది. "ఖాళీగా ఉండేదానివేగా, నాలుగు చేపలకి మేతేస్తే అరిగిపోతావా?" అన్నారు అత్తగారు అప్పట్లో. పగడం మొక్క కాదు, జంతువని, దాని నీళ్ళలో ఉప్పు లీటరుకి ముప్పై అయిదు గ్రాముల దగ్గర కదలకుండా ఉండాలని వీడియోలు చూసి, నోట్సు రాసుకుని నేర్చుకుంది. డిగ్రీలో జువాలజీ చదివిందని ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మధ్యలో ఓ పదిహేనేళ్ళు ఆమెకీ గుర్తులేదు.

చెరువుల దగ్గర మందులు చూసే శ్యాంబాబు అప్పటికే సీసా మూత తిప్పుతున్నాడు. "ఆయ్, వైరస్సేనండి మేడం గారూ. ఇది పోస్తే సాయంత్రానికి తేరుకుంటదండి."

"ఆగండి. రోజూ ఆవిరై తరిగినన్ని నీళ్ళు ఎవరు పోశారు?"

"పనమ్మాయి బేబి పోసింది," అన్నాడు శివరామరాజు. "నీలం డ్రమ్ములోవి పొయ్యమన్నాను."

"అది ఉప్పు కలిపిన డ్రమ్మండి. తెల్ల డ్రమ్ములోని ఆర్వో మంచినీళ్ళు పొయ్యాలని కాగితం అంటించి వెళ్ళాను కదా."

"బిందెడు నీళ్ళు పొయ్యడానికి కాగితాలు చదవాలేంటే? ఉప్పునీళ్ళ ట్యాంకుకి ఉప్పునీళ్ళే పోయించా."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నీరు ఆవిరైపోయినా ఉప్పు ఎక్కడికీ పోదని ఎండాకాలమంతా పాలేళ్ళ మీద కేకలేసి చెరువులకి కాలవనీళ్ళు పెట్టించే మనిషి ఈయన. గుమ్మం దాటి ఇంట్లోకొచ్చేసరికి ఆ సంగతి మర్చిపోయాడా? మర్చిపోలేదు. ఇంట్లో ఆడది చేసే పనిలో తెలుసుకోవలసింది ఒకటుంటుందని ఆయనకి తోచనే లేదు. ఇరవై రెండేళ్ళుగా ఇలాంటప్పుడు ఆమె నోట వచ్చే మాట "మీ ఇష్టం" ఒక్కటే. ఇవాళ ఆ మాటంటే, ఆ సీసాలో మందు పడితే, పగడం ఇక దక్కదు.

ఆయన చెరువుకి పట్టుకెళ్ళే సంచీలోంచి ఉప్పు కొలిచే గొట్టం తీసి, ట్యాంకు నీటి చుక్క వేసి, ఆయన చేతికిచ్చింది.

"చదవండి."

కన్ను పెట్టి చూశాడు. "నలభై రెండు," అన్నాడు, గొంతు తగ్గించి. అంతలోనే లేచాడు. "సరే, బకెట్లతో మంచినీళ్ళు కుమ్మరించి ఇప్పుడే దించేద్దాం."

"ఒక్కసారి దించితే అదీ చావేనండి. కొంచెం కొంచెంగా దించాలి. ఆరు రోజులు పడుతుంది. ఈ ఆరు రోజులూ ఇందులో ఎవరూ చెయ్యి పెట్టకూడదు, మీరు కూడా. శ్యాంబాబు గారూ, ఆ సీసా పట్టుకెళ్ళండి."

శ్యాంబాబు రాజుగారి వైపు చూశాడు. రాజుగారు గొట్టం వైపే చూస్తున్నారు. సీసా మూత బిగుసుకుంది.

ఆ ఆరు రోజులూ ఆమె ఎవరు పిలిచినా మంచినీళ్ళ మగ్గు ట్యాంకులో పూర్తిగా ఒంపాకే పలికింది. "టిఫినేదే?" అంటే, "రవ్వ డబ్బాలో ఉందండి," అంది. ఏడో పొద్దున్న పగడంలోంచి ఒక ఆకుపచ్చ వేలు బయటికొచ్చింది. మధ్యాహ్నానికి అన్ని వేళ్ళూ విచ్చుకుని, గాలికి వరిచేనులా ఊగాయి. వంటగదిలోకెళ్ళి ఒక్కర్తే గట్టిగా నవ్వుకుంది.

ఆదివారం పాలకొల్లు నుంచి పళ్ళ డాక్టరు ఉదయ్‌కుమార్ వచ్చాడు. ట్యాంకు ముందు నుంచి కదలడే. "మా క్లినిక్ ట్యాంకులో పగడాలు ఒక్కొక్కటే పోతున్నాయండి రాజుగారూ. మీ టెక్నీషియన్ని ఓసారి పంపుదురూ."

శివరామరాజు, టీ ట్రేతో వస్తున్న భార్య వైపు తిరిగాడు.

డాక్టరు చాచిన ఫోనులో వాళ్ళ ట్యాంకు ఫొటో పెద్దది చేసి చూడాలంటే రెండు చేతులూ కావాలి. టీ ట్రే భర్త చేతుల్లో పెట్టి, రత్నమాణిక్యం ఫోను అందుకుంది.

"మంగళవారం పదింటికి వస్తానండి డాక్టరు గారూ. నేనొచ్చి చూసేదాకా, ఎవరేం చెప్పినా నీళ్ళలో ఏమీ పొయ్యకండి."