పిచ్చుక అడగని ప్రశ్న

ఆ ఉదయం ఆ తల్లి కూతురికి జడ వేస్తూ చెప్పిన మాటలు ఎవరైనా వింటే, ఏదో ఆట నేర్పుతోందనుకుంటారు.

"నేను లోపలికి వస్తాను. నువ్వు నన్ను చూస్తావు. అప్పుడేం చేస్తావు?"

"ఏం చెయ్యను."

"నవ్వుతావా?"

"నవ్వను."

"పలకరించాల్సి వస్తే?"

"మేడమ్ అంటాను. అందరినీ అన్నట్టే."

"మా తల్లే," అంటూ ఆమె రిబ్బను బిగించింది. పిల్ల అద్దంలోంచి తల్లి ముఖం చూసింది.

"ఎంతసేపమ్మా అలా?"

"మేం వెళ్ళిపోయేదాకా. అంతే."

ఇంట్లో ఆ పిల్లను పిచ్చుక అంటారు. తొమ్మిదో తరగతి. పాట ఒకసారి వింటే పట్టేస్తుంది. ఎవరి ముఖం వాడినా ముందు దానికే తెలుస్తుంది. అచ్చు అక్షరాలు మాత్రం దాని కళ్ళముందు కుదురుగా నిలవవు. చదవమని నిలబెడితే మొదటి వాక్యానికే చెమటలు పట్టేవి. బడివాళ్ళు పరీక్షలు చేసి, ఇది తెలివితక్కువతనం కాదని, ఇలాంటి పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారని చెప్పారు. వాళ్ళ కోసం ఆ బడిలో వేరే విభాగం ఉంది. అందులో భాష, రోజువారీ లెక్కలు, ఆరోగ్యశాస్త్రం చదివి వినిపిస్తూ చెబుతారు. పరీక్షలో ప్రశ్నలు చదివిపెట్టడానికి ఒక మనిషి ఉంటారు. మధ్యాహ్నాలు ఏదో ఒక వృత్తి నేర్పుతారు. పిచ్చుక జుట్టు పని ఎంచుకుంది. ఆ ఏడాది నుంచి బడికి వెళ్ళే ముందు దానికి కడుపునొప్పి రావడం మానేసింది.

ఆ సంగతి తల్లి గమనించకపోలేదు. కానీ ఆమె గుండెలో వేరే ముల్లు ఉంది. ఆమె స్వయంగా పదో తరగతి లెక్కల్లో తప్పింది. మళ్ళీ కూర్చోబెట్టినవారు లేరు. ఇంకేదైనా నేర్చుకో అన్నవారూ లేరు. పెళ్ళి చేసి పంపారు. ఇప్పుడు బట్టల దుకాణంలో గుడ్డ కొలిచి కత్తిరించే పని చేస్తోంది. చేరిన కొత్తలో, కౌంటరు దగ్గర కూర్చునే పెద్దావిడ, అందరూ కౌంటరక్క అని పిలిచే ఆవిడ, "మీ పాప ఏం చదువుతోందే?" అని అడిగితే, నోటికి వచ్చిన మాట "సైన్సు సెక్షను". మర్నాటికి ఆ సైన్సు డాక్టరు చదువుదాకా వెళ్ళింది. ఆ తరవాత దాన్ని వెనక్కి లాగడం ఆమె తరం కాలేదు.

ఆమెను తప్పుపట్టే ముందు మనం కాస్త ఆగాలి. "మీ పిల్ల ఏం చదువుతోంది?" అని మనం అడిగే తీరులోనే మనకు కావలసిన జవాబు ఉంటుంది. ఆమె మనకు కావలసిన జవాబే ఇచ్చింది.

ఆ రోజు బడిలో వృత్తి విభాగం గదులు ఊరందరికీ తెరిచి పెట్టారు. ఎవరైనా వెళ్ళి పిల్లల చేత తలస్నానం చేయించుకోవచ్చు. ఆ ప్రకటన కౌంటరక్క కంట పడింది. "మీ పాప బడే కదా, పోదాం పద. దాన్నీ చూసినట్టుంటుంది," అని బయలుదేరదీసింది. "సైన్సు పిల్లల్ని ఇవాళ ఎక్కడికో తీసుకెళ్ళారక్కా," అని తల్లి ఇంకో అబద్ధం అతికించింది. ఆమెకు ఆ రోజు బడిలో వేరే పని కూడా ఉంది. వచ్చే ఏడు పిచ్చుక ఈ విభాగంలోనే ఉంటుందా, మామూలు తరగతికి తిరిగి వెళుతుందా అన్నది సాయంత్రంలోగా ఆ విభాగం టీచరుకు చెప్పాలి. తీసేస్తున్నానని చెప్పడానికే ఆమె సిద్ధపడి వచ్చింది.

గది పొడవుగా ఉంది. ఒక గోడకు అద్దాలు, ఇంకో గోడకు వెనక్కి వాలే కుర్చీలు, వాటి తలల దగ్గర తెల్లటి సింకులు. షాంపూ సీసాలకు పేర్లున్న చోట రంగు టేపులు అంటించి ఉన్నాయి. పొడి జుట్టుకు పసుపు, జిడ్డు జుట్టుకు ఆకుపచ్చ. ఆ టేపులు ఎందుకో తల్లికి తెలుసు. కౌంటరక్క అడుగుతుందేమోనని ఆమె చూపు తిప్పుకుంది.

కౌంటరక్క వాటిని చూసి, "మన షాపులో కూడా ఇలా పెడితే ఎంత సుఖమే. ఆ సన్నక్షరాలు చదవలేక చస్తున్నా," అంది.

వెనక గదిలో తువ్వాళ్ళు మడత పెడుతూ ఉండిపొమ్మని తల్లి కూతురికి పొద్దునే చెప్పి పంపింది. కానీ ఆ పని నేర్పే శిక్షకురాలు, బయట సెలూను నడిపే మనిషి, మంచి చేతులున్న పిల్లను వెనక దాచుకోదు కదా. "ఇలా రా, వీళ్ళకి నువ్వు చెయ్యి," అని పిచ్చుకనే పిలిచింది. ఆమె పిల్లల తల్లిదండ్రులెవరినీ ఎరగదు.

పిచ్చుక వచ్చింది. తల్లిని చూసింది. నవ్వలేదు.

ముందు కౌంటరక్క కూర్చుంది. పిచ్చుక ఆవిడ మెడ కింద తువ్వాలు సర్ది, "తలలో ఎక్కడైనా నొప్పి, పుండు ఏమైనా ఉన్నాయా మేడమ్?" అని అడిగింది. మణికట్టు మీద నీళ్ళు పోసుకుని వేడి చూసింది. చెవిలోకి నీళ్ళు పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.

"బాబోయ్, నిద్రొచ్చేస్తోంది," అంది కౌంటరక్క కళ్ళు మూసుకుని. "మా కోడలుంది, తలంటితే కొబ్బరికాయ పీచు తీస్తున్నట్టుంటుంది. ఏమ్మా, నువ్వింత బాగా చేస్తావని మీ అమ్మకి తెలుసా?"

పిచ్చుక చేతులు ఒక్క క్షణం ఆగాయి. "మా అమ్మకి తీరిక ఉండదండీ," అంది.

పక్కనే నిలబడ్డ తల్లి అద్దంలో తనను తాను చూసుకోలేక గోడ మీది గడియారం వైపు తిరిగింది.

"ఇక నువ్వు కూర్చో," అంది కౌంటరక్క లేస్తూ. "నాకొద్దక్కా" అంటే వినే మనిషి కాదు. తల్లి కుర్చీలో వెనక్కి వాలింది. పైన కూతురి ముఖం తలకిందులుగా కనిపించింది. ఆమె కళ్ళు మూసుకుంది.

నీళ్ళు పడ్డాయి. ఆ వేళ్ళు నుదుటి నుంచి పాయలు తీసుకుంటూ వెనక్కి వెళ్ళాయి. ఆమెకు చిన్నప్పుడు మెట్ల మీద పడి కుడిచెవి వెనక కుట్లు పడ్డాయి. ఇప్పటికీ అక్కడ దువ్వెన తగిలితే ప్రాణం జివ్వుమంటుంది. ఆ వేళ్ళు అక్కడికి వచ్చి, ఆ చోటును తాకకుండా చుట్టూ తిరిగి, పక్కనుంచి దాటిపోయాయి.

"ఆగు," అంది శిక్షకురాలు. "ఏం మర్చిపోయావు?"

పిచ్చుక తల్లి ముఖం వైపు చూసింది.

"నొప్పి ఎక్కడైనా ఉందా అని అడిగావా ఈవిడని? అడగకుండా చెయ్యి పెట్టొచ్చా ఎవరి తల మీదైనా?"

"అడగక్కర్లేదండీ, నాకు..." అని పిచ్చుక ఆగిపోయింది. నురగ నిండిన చేతులు గాలిలో ఉండిపోయాయి. "మర్చిపోయాను. తప్పయింది."

"ఇదీ చిక్కు," అంది శిక్షకురాలు కౌంటరక్క వైపు తిరిగి, కోపంగా కాదు, బాధగానే. "చేతులు బంగారం. కానీ ఒకళ్ళని అడిగి ఒకళ్ళని వదిలేస్తే సెలూన్లో నిలవదు. వచ్చే ఏడు ఎవర్ని ఉంచుకోవాలని సాయంత్రం టీచరు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి కదా."

పిచ్చుక తల దించుకుంది. తనకు ఆ పని అంటే ఎంత ఇష్టమో, ఆ సాయంత్రం తేలబోయేది ఏమిటో దానికి తెలుసు. ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. ఆ మాట పొద్దున తల్లి తీసేసుకుంది.

తల్లి లేచి కూర్చుంది. నురగ, నీళ్ళు మెడ మీదుగా జాకెట్టులోకి జారాయి.

"అది మర్చిపోలేదండీ," అంది. "దానికి నా తల తెలుసు. అది నా కూతురు."

కౌంటరక్క తడి తల మీద తువ్వాలుతో అలాగే నిలబడిపోయింది.

"సైన్సన్నావు కదే."

"అన్నానక్కా."

"అడిగినప్పుడల్లా అన్నావు."

"సిగ్గేసింది."

కౌంటరక్క ఆమెనూ పిల్లనూ మార్చి మార్చి చూసింది. "నాకూ సిగ్గేస్తోందే ఇప్పుడు," అంది. "తల్లి పక్కన ఉండగా పిల్లని మీ అమ్మకి తెలుసా అని అడిగాను."

పిచ్చుక తల్లి చెవి దగ్గరికి వంగింది. రహస్యంగానే అడిగింది, కానీ అందరికీ వినబడింది.

"ఇప్పుడు అమ్మా అనొచ్చా?"

తల్లి తల ఊపింది.

"అయితే పడుకో అమ్మా. నురగ పోలేదు."

ఆ సాయంత్రం తడి జుట్టుతోనే తల్లి టీచరు గదికి వెళ్ళింది. అప్పటికే శిక్షకురాలు వచ్చి, తప్పు పిల్లది కాదని చెప్పి వెళ్ళింది. తల్లి, కూతుర్ని ఆ విభాగంలోనే ఉంచమంది. తరవాత చాలాకాలంగా నమిలి మింగుతున్న భయం బయటపెట్టింది. "పదో తరగతి లెక్కల్లో తప్పి నేను ఆగిపోయినట్టే అదీ ఆగిపోతుందేమోనండీ, టీచర్ గారూ."

"మీరు ఆగిపోయింది లెక్కలు రాక కాదమ్మా," అంది టీచరు. "ఒక తలుపు మూసుకుంటే రెండోది చూపించినవాళ్ళు లేక. ఇక్కణ్ణుంచి రెండేళ్ళ కోర్సు ఉంది. ఆ తరవాత పని చేసుకోవచ్చు, కావాలంటే మళ్ళీ చదువుకోవచ్చు. దాని గురించి నాకు దిగుల్లేదు." ఆమె ముందున్న రిజిస్టరు మూసింది. "ఒక్క సంగతి మీకు చెప్పాలా వద్దా అని ఏడాదిగా అనుకుంటున్నాను. చేరిన వారంలోనే మీ అమ్మాయి నన్ను అడిగింది, టీచర్, ఈ సెక్షను ఎవరికీ చెప్పకూడనిదా, అని. కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. ఇంట్లో చూసినదాన్నే నమ్మింది."

తల్లి పైకి చూడలేకపోయింది. ఏడాది పొడవునా తాను దాచింది కూతురి చదువును అనుకుంది. దాచింది కూతురినే అని అప్పుడు తెలిసింది.

బయట వరండాలో పిచ్చుక కౌంటరక్క జుట్టు దువ్వుతోంది, కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి. "నీ దుంపతెగ, ఇలాగే మా కోడలికి నేర్పవే," అంటోంది ఆవిడ. తల్లి వెళ్ళి పక్కన నిలబడింది. ఆమె సిగ్గు ఆ రోజుతో పోలేదు. అంత తొందరగా పోకూడదు కూడా. మర్నాడు దుకాణంలో మొదట అడిగినవాళ్ళకి, "మా పాప జుట్టు పని నేర్చుకుంటోంది," అని చెప్పినప్పుడు గొంతు వణికింది. రెండోవాళ్ళకి చెప్పినప్పుడు తక్కువ వణికింది.

పాఠకులారా, మన పిల్లలు చదవలేని అక్షరాలకు సిగ్గుపడటం మానేద్దాం. మన పరువు కోసం వాళ్ళ చేత ఆడించిన అబద్ధాలకు సిగ్గుపడదాం.