నాలుగు గాట్ల రోల్

"రోల్సేగా, ఎంతసేపు?" అన్నారు మా ఆయన, సాయంత్రం తన చెల్లెలు వస్తోందన్న కబురు చెప్పి, చదివిన పేపరుతో పాటు ఆ విషయాన్ని కూడా మడిచి పక్కన పెట్టేస్తూ.

నిజమే, ఎంతసేపు! కర్రీ పఫ్‌లకి వాడే పేస్ట్రీ షీట్లు కొట్లో తయారుగానే దొరుకుతాయి. చేయాల్సిందల్లా వాటిని గంట ముందు ఫ్రీజర్‌లోంచి తీసి బయట పెట్టడం, ఆ సంగతి ఇంకెవరికీ గుర్తుండదు కాబట్టి నేనే గుర్తుపెట్టుకోవడం. ఉల్లిపాయలు సన్నగా తరిగి వేయించాలి. కీమాని నీరంతా ఇగిరేదాకా వేయించాలి, తడి ఉంటే రోల్ అడుగు ముద్దవుతుంది. వేయించాక అది పూర్తిగా చల్లారాలి, వేడి మీద పెడితే షీట్‌లోని వెన్న కరిగి కారిపోతుంది. చీజ్ తురమాలి. షీట్లు చదరాలుగా కోసి, కీమా, చీజ్ పరిచి, చాపలా చుట్టి, అంచుని నీళ్ళతో అంటించి, పైన గుడ్డు సొన రాసి, చాకుతో గాట్లు పెట్టి, పాతిక నిమిషాలు ఓవెన్‌లో పెట్టాలి. ఆ తర్వాత జిడ్డు ట్రేలు, గిన్నెలు, పిండి రాలిన బల్ల. అంతే, చాలా తేలిక. పదిహేనేళ్ళ క్రితం ఆ మాట అన్నది నేనే. కొత్త కోడలిని, మెప్పు కావాలి. "అయ్యో, ఇదెంత పని అత్తయ్యా, చిటికెలో అయిపోతుంది" అన్నాను. నా నోటితో నేనే అన్నాక ఇప్పుడెవరిని తిట్టుకోను?

గాట్ల సంగతి చెప్పాలి. నేను ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. రోజుకి రెండొందల దాకా రక్తం గొట్టాలు నా చేతుల మీదుగా వెళ్తాయి. ప్రతిదాని మీదా పేరు, నంబరు, రక్తం తీసిన వేళ ఉండాలి. పదహారేళ్ళలో ఒక్కటి కూడా తారుమారు కాలేదు. ఆ అలవాటే వంటింట్లోకీ వచ్చింది. ఒక గాటు ఉన్నవి మా ఆయనవి, మిరియాలు దండిగా. రెండు గాట్లవి అత్తయ్యవి, ఉప్పు ఉండకూడదు, చీజ్ పేరుకి. మూడు గాట్లవి మా అమ్మాయివి, ఉల్లిపాయ కంటపడితే ప్లేటు వెనక్కి తోసేస్తుంది. చుట్టాలవాటికి ఇంటూ గుర్తు. నాకు గుర్తేమీ లేదు. చిట్లినవో, మాడినవో, మిగిలినవో నావి. అలా చెయ్యమని ఎవరూ అనలేదు. అని ఉంటే బాగుండేది, పోట్లాడటానికి ఒక మనిషి దొరికేవారు.

ఈసారి చేతులు చుడుతున్నాయి గానీ బుర్ర వేరేచోట ఉంది. శుక్రవారం మా సూపరింటెండెంట్ డాక్టరమ్మ పిలిపించారు. ల్యాబ్ ఇన్‌చార్జి పెద్దాయన వచ్చే నెల రిటైరవుతున్నారు, ఆ స్థానంలోకి నువ్వు వస్తే బాగుంటుంది, బుధవారం లోపల ఆలోచించుకుని చెప్పమ్మా అన్నారు. గదిలోంచి బయటికొచ్చేటప్పుడు గాల్లో తేలినట్టుంది. మెట్లు దిగేసరికి, వెనక్కెళ్ళి వద్దని చెప్పేద్దామా అనిపించింది. ఆ రెండింటిలో ఏది అసలు నేనో ఇవాళ్టిదాకా తేల్చుకోలేకపోయాను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన టీవీ సౌండు తగ్గించారు. మా ఇంట్లో అది పెద్ద మర్యాద. "మంచిదే. కానీ ఆ తలనొప్పి నీకెందుకు చెప్పు? ల్యాబ్‌లో అందరికీ డ్యూటీలు వెయ్యాలి, వాళ్ళ అలకలు తీర్చాలి, మిషన్ పాడైతే నిన్నే తిడతారు. ఇంట్లో ఒక మాట పడితేనే రెండు రోజులు అన్నం ముట్టవు నువ్వు. తర్వాత నీ ఇష్టం" అన్నారు. నీ ఇష్టం అన్నది ఎప్పుడూ చివర్నే వస్తుంది, దాని ముందున్నవన్నీ తిని కూర్చున్నాక. చిక్కేమిటంటే ఆయన చెప్పింది అబద్ధం కాదు. నేను అలాంటిదాన్నే. ఎవరైనా గట్టిగా మాట్లాడితే నాకు చెవులు వేడెక్కుతాయి. అబద్ధమైతే కాదని కొట్టిపారేసేదాన్ని.

అత్తయ్యని అడిగాను. ఆవిడ వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దుకుంటున్నారు. "నన్నడుగుతావేమే? డెబ్బై ఏళ్ళొచ్చాయి, ఇన్నాళ్ళలో నన్నెవరైనా ఏదైనా అడిగారా, చెప్పడం అలవాటవడానికి?" అన్నారు. ఎగతాళి చేశారో, బాధపడ్డారో నాకు అంతుపట్టలేదు. మా అమ్మాయిని అడగలేదు. పన్నెండేళ్ళ పిల్ల ముందు నాకు తెలీదు అనడానికి సిగ్గేసింది.

కావాలి అనుకోగానే, పరీక్ష ఫలితాల కింద పెద్దాయన పెట్టే ఆకుపచ్చ సిరా సంతకం కళ్ళ ముందు కదిలి, చుట్టే చెయ్యి వేగం అందుకునేది. వద్దు అనుకోగానే ఒళ్ళంతా తేలికయ్యేది. ఆ తేలిక రెండు నిమిషాలు కూడా ఉండేది కాదు. నేను వద్దంటే ఆ కుర్చీలోకి వచ్చేది నిన్నగాక మొన్న చేరినవాడు, సూది పట్టుకోవడం నా దగ్గర నేర్చుకున్నవాడు. వాడు నాకు డ్యూటీలు వేస్తాడు. ఆ ఊహకే ఒళ్ళు మండేది. కానీ ఒళ్ళు మండటం, కావాలనుకోవడం ఒకటేనా? భయమెయ్యడం, వద్దనుకోవడం ఒకటేనా? నా మనసుని అడిగితే అది మా ఆయన గొంతుతో బదులిస్తోంది. కాసేపాగి అత్తయ్య గొంతుతో. ఇంకాసేపటికి, ఎప్పుడో పోయిన మా నాన్న గొంతుతో, "ఆడపిల్లవి, నీకెందుకమ్మా అంత పరుగు" అని. వీటిలో నాది ఏదో పోల్చుకోలేకపోయాను.

రెండో ట్రేకి సొన రాస్తుండగా హాల్లో నా ఫోన్ మోగింది. నా చేతుల నిండా పిండి, సొన. "ఎవరో చూడండి" అని కేకేశాను. మా ఆయన తీసుకుని బాల్కనీలోకి నడిచారు. నవ్వు వినిపించింది, పెద్ద హోదాలో ఉన్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు నవ్వే సన్నటి నవ్వు. "అబ్బే, అదేం లేదండీ... ఉంటానండీ" అని పెట్టేసి వచ్చారు.

"ఎవరు?"

"మీ ఆస్పత్రి నుంచే. కంగారేం లేదులే. ముందు ఓవెన్ చూడు, వాసనొస్తోంది."

నేను ఓవెన్ చూశాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. ఫోన్ నాది, ఉద్యోగం నాది, నేను వెళ్ళి ఓవెన్ చూశాను.

రోల్స్ ప్లేట్లలో సర్దుతూ మా అమ్మాయి ఆగింది. "అమ్మా, నాలుగు గాట్లు ఎవరికి?"

"నాలుగు గాట్లవి ఎవరికీ లేవే."

"ఇదిగో మరి."

చూశాను. నాలుగు గాట్లు, సమంగా, వరసగా. నా చెయ్యే. అందులో ఏం పెట్టానో, ఎవరికని చుట్టానో ఒక్క ముక్క గుర్తు లేదు. ల్యాబ్‌లో ఇలాంటిది జరిగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంత మతిమరుపు మొహానికి ఇన్‌చార్జి పదవి కూడానా అనుకున్నాను.

"చేసింది నువ్వేగా!" అని అది పకపకా నవ్వింది.

గట్టు వైపు తిరిగి దాన్ని విరిచి నోట్లో పెట్టుకున్నాను. మిరియాలు తగిలాయి, ఉల్లిపాయ తగిలింది, చీజ్ తీగలా సాగింది, ఉప్పు మాత్రం తక్కువైంది. అందరి గిన్నెల్లోంచీ తలా కాస్త పడినట్టుంది. నాలుక కాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాగుందో లేదో తేలలేదు. ఇంకో ముక్క తిన్నాను. అప్పటికీ తేలలేదు.

ఐదింటికి మా ఆడపడుచు వచ్చింది. మనిషి మంచిది, నోటికి మాత్రం తలుపు లేదు. రెండో రోల్ అందుకుంటూ, "ఎంత తేలిగ్గా చేసేస్తావు వదినా! అన్నట్టు, నీకేదో పెద్ద పోస్టు ఇస్తామంటున్నారట కదా, అమ్మ చెప్పింది" అంది.

"వద్దనేసింది" అన్నారు మా ఆయన, నములుతూనే.

"ఎప్పుడు?"

అడిగింది మా ఆడపడుచు కాదు, నేను. అందరూ నా వైపు తిరిగారు.

"ఇందాక మీ డాక్టరమ్మ ఫోన్ చేశారుగా. ముందే తేలిపోతే నీ పేరు రాసి పైకి కాగితం పంపేస్తానన్నారు. నీ చేతులు ఖాళీ లేవని నేనే చెప్పేశాను, మా ఆవిడకి అంత ఆసక్తి లేదండీ, ఇల్లు చూసుకోవాలి కదా అని. పాపం, డాక్టరమ్మ కూడా అర్థం చేసుకున్నారు."

"నేను వద్దన్నానా?"

"మరి? మొన్న నేనంత చెప్తే ఏమన్నావు? ‘ఏమో’ అన్నావు. కావాలనుకున్నవాళ్ళు ఏమో అంటారా?"

అన్నాను. నిజమే. నేను ఎప్పుడూ అదే అంటాను. పై చదువు మానెయ్యమన్నప్పుడు ఏమో అన్నాను, మానేశాను. ఇల్లు మారదామన్నప్పుడు ఏమో అన్నాను, నెలలో సామాను లారీ ఎక్కింది. రెండో బిడ్డ వద్దులే అన్నప్పుడూ ఏమో అన్నాను. ఆ వద్దు నాదో కాదో ఇప్పటికీ నాకు తెలియదు, పక్కింటి వాళ్ళ పసిపాప ఏడుపు వినపడితే మాత్రం చేస్తున్న పని ఆగిపోతుంది. నా చుట్టూ ఉన్నవాళ్ళు దుర్మార్గులు కారు. ఖాళీ సీటు కనబడితే కూర్చునే రకం, అంతే. డాక్టరమ్మకైనా అనిపించలేదు చూడండి, ఆవిణ్ణే ఒకసారి పిలవండి అని అడగాలని.

"పోనీలే వదినా, హాయిగా ఉండక" అంది మా ఆడపడుచు.

అత్తయ్య చేతిలోని రోల్‌ని ప్లేటులో పెట్టేశారు. "ఫోన్ ఎవరికొచ్చిందిరా?" అన్నారు కొడుకుతో.

"నీకు తెలీదు, ఊరుకో అమ్మా."

"తెలీదనేగా అడుగుతున్నాను."

నా ఫోన్ టీపాయ్ మీద, ఆయన మోకాలి దగ్గరుంది. వంగి తీసుకున్నాను. లోపలికి వెళ్ళి మాట్లాడవచ్చు. వెళ్ళాలనిపించలేదు. చెవులు అప్పుడే వేడెక్కాయి. అక్కడే, అందరి ముందూ, జిడ్డు వేళ్ళతో నొక్కాను.

"డాక్టరుగారూ, నేనండీ. ఇందాక మీకు చెప్పిన మాట నాది కాదండీ. నన్నెవరూ అడగలేదు."

"అయ్యో, అలాగా! అయితే ఇన్‌చార్జిగా వస్తున్నట్టేనా అమ్మా?"

మా ఆయన నమలడం ఆపేశారు. ఇప్పుడు అవునంటే ఎంత బాగుంటుందో అనిపించింది, ఆయన ముఖం ఎలా మారుతుందో చూడొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది డాక్టరమ్మకి చెప్పే మాట కాదు, ఆయనకి చెప్పేది. నా గురించి మళ్ళీ ఆయన్ని చూసే తేల్చినట్టవుతుంది.

"నాకింకా తెలీదండీ" అన్నాను. "బుధవారం దాకా టైమిచ్చారు కదా. వచ్చి నేనే చెప్తాను. అప్పటిదాకా నా తరఫున ఎవరు ఏం చెప్పినా రాసుకోకండి."

"అలాగేనమ్మా. నేనూ పొరపాటు చేశాను" అన్నారు ఆవిడ.

ఫోన్ పెట్టేశాను. మా అమ్మాయి నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. మా ఆయన చెల్లెలి వైపు చూసి ఒక నవ్వు నవ్వారు, పెద్దరికం నిలబెట్టుకునే నవ్వు.

"తెలీదని చెప్పడానికా ఇంత హడావిడి?"

"అవునండీ" అన్నాను. "నాకే తెలియనిది మీకు ఎలా తెలిసిపోతోందో, ఇన్నేళ్ళూ నేనెందుకు ఊరుకున్నానో, అది కూడా బుధవారం లోపల ఆలోచించుకోవాలి."