పీచుమాస్టారి పథ్యం

జిమ్ములో ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు. పీచుమాస్టారనే పిలిచేవారు. ఒళ్ళు తగ్గాలని ఎవరొచ్చినా ఆయన చెప్పే మందు ఒక్కటే: తొక్కతో పండ్లు, పచ్చి ఆకులు, దంపుడు బియ్యం. ఎవరి చేతిలోనైనా తెల్ల బ్రెడ్డు కనిపిస్తే పామును చూసినట్టు అదిరిపడేవాడు.

అలాంటి మనిషికి పేగు వాచింది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, "వాపు తగ్గేదాకా పీచు ముట్టుకోకండి. తెల్ల బ్రెడ్డు, తెల్లన్నం, చెక్కు తీసిన బంగాళాదుంప తినండి" అంది.

"ఒళ్ళొచ్చేస్తుందండీ! నా నడుం చూసేగా జనం వచ్చేది!"

"అయితే అవి కొంచెంగా తినండి. కడుపు నిండడానికి గుడ్డు తెల్లసొన, ఉడికించిన చేప, గింజలు తీసిన సొరకాయ, వెన్న తీసిన పెరుగు. వేపుళ్ళ జోలికి మాత్రం పోవద్దు."

ఇంట్లో వంట అక్కది. తమ్ముడి పుణ్యాన ఏళ్ళ తరబడి ఆకులు నమిలిన ఆవిడ, "అయ్యో పాపంరా!" అంటూనే తన బ్రెడ్డుకు మందంగా వెన్న రాసుకుంది. తమ్ముడికి వట్టి ముక్కే ఇచ్చింది.

గుట్టుగా కానిచ్చేద్దామనుకున్నాడు. రెండు రోజులైనా తిరక్కుండానే, జిమ్ములో సామాన్ల గదిలో బ్రెడ్డూ తెల్లసొనా తింటూ బ్యాంకు మేనేజరమ్మ కంట పడ్డాడు. ఏడాదిగా ఆకులు తిని అరకిలో తగ్గి కిలో పెరిగిన మనిషావిడ.

"అదా సంగతి! మాకు గడ్డి పెట్టి మీరివి లాగిస్తున్నారా మాస్టారూ?"

"పేగు జబ్బండీ. డాక్టరు తినమంది."

"జబ్బు మనిషికి ఆ నడుమెక్కడిదండీ?"

నిజమే. కొలుచుకుని తినడంతో ఆయన ఇంకా సన్నబడ్డాడు. జబ్బని ఎంత మొత్తుకుంటే అంతగా అసలు కిటుకు దాస్తున్నాడనుకున్నారు. వారం తిరిగేసరికి జిమ్మంతా తెల్ల బ్రెడ్డే. తెల్లసొన చప్పగా ఉందని మానేసి, ఆ లోటు వెన్నతోనూ జాముతోనూ పూడ్చుకున్నారు.

కొన్నాళ్ళకి మేనేజరమ్మ తూకం యంత్రం ఎక్కింది, దిగింది, చెప్పులు విడిచి మళ్ళీ ఎక్కింది. పైగా పీచు లేక మలబద్ధకం పట్టుకుంది.

"ఇప్పుడేం తినమంటారు మాస్టారూ?"

ఈలోగా ఆయన పేగు కుదుటపడింది. ఆకులనబోయి నాలుక్కరుచుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఎవరికీ ఏమీ తినమని చెప్పబుద్ధి కాలేదు.

"మీ డాక్టర్నడగండమ్మా. నాకు తెలిసింది నా పేగు సంగతొక్కటే."

మేనేజరమ్మ పక్కావిడ చెవిలో గుసగుసలాడింది: "చూశావా, మళ్ళీ కొత్తదేదో పట్టాడు. చచ్చినా చెప్పడు."