పని చేస్తలేదన్నా!

"పని చేస్తలేదన్నా."

పొద్దున లేచి ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఇదే మాట. ఏది పని చేయడం లేదో చెప్పరు, ఎక్కడ ఆగిందో చెప్పరు. దవాఖానకు పోయి ఎక్కడ నొప్పో చెప్పకుండా "జర చూడుండ్రి" అని కూర్చుంటే డాక్టర్ మాత్రం ఏం చూస్తాడు?

నా పేరు గోపీకృష్ణ. కేతేపల్లిలో చిన్న కంప్యూటర్ షాపు ఉంది. కొత్తగా కోడింగ్ నేర్చుకునే మన దిక్కు పిల్లలకు ఆసరాగా ఉంటుందని వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాను. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది నా పని. ఒకడు కంప్యూటర్ తెరను ఫొటో తీసి పంపుతాడు, సరిగ్గా ఎర్రర్ ఉన్న చోటే వాడి బొటనవేలు అడ్డం ఉంటుంది. ఇంకొకడు వాయిస్ మెసేజ్ పెడతాడు, అందులో వాడి మాట కన్నా వాళ్ళ ఇంటి కోడి కూత గట్టిగా వినిపిస్తుంది. అమ్రాబాద్ నుంచి శివకుమార్ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి ప్రశ్న పంపుతాడు. నేను జవాబు రాసేలోపు గుట్ట దిగిపోతాడు. తెల్లారి మళ్ళీ ఎక్కి, "సమజైందన్నా, ఇంకోటి అడగాలె" అంటాడు. తిట్టుకుంటూనే అందరికీ చెప్తాను. ఎవరి ప్రోగ్రామైనా నడిచిందంటే ఆ పూట నాకు అన్నం ఇంకో ముద్ద ఎక్కువ దిగుతుంది. ఆ సంగతి మాత్రం గ్రూపులో ఎవరికీ తెలియనివ్వను, నెత్తికెక్కుతారు.

గ్రూపులో నేను పెట్టిన నియమం ఒక్కటే. కోడ్ మొత్తం పెట్టాలి. ముక్క పెట్టి అడిగితే జవాబు ఉండదు.

హాలియా పిల్ల మమత ఎప్పుడూ ఆ నియమం తప్పలేదు, కనీసం నేను అలాగే అనుకున్నాను. డిగ్రీ అయ్యాక వీడియోలు చూస్తూ వెబ్ పేజీలు చేయడం నేర్చుకుంది. వాళ్ళ అమ్మ యాదమ్మది వరి నాట్లు వేసే ఆడవాళ్ళ గుంపు. ఇన్నేళ్ళూ ఒక మేస్త్రి చేతి కింద పనిచేశారు. ఏ రోజు ఎవరి పొలంలో దిగాలో అతనే చెప్పేవాడు, దానికి వాళ్ళ కూలిలోంచి వాటా పట్టుకునేవాడు. ఈసారి యాదమ్మ "నీ పెత్తనం ఇంక మాకొద్దు" అని అతని ముఖం మీదే అని వచ్చేసింది. కూతురు చేసిన పేజీని చూసుకునే ఆమెకు అంత ధైర్యం. రైతు ఫోన్లో ఆ పేజీ తెరిచి, ఖాళీగా ఉన్న రోజును నొక్కి పేరు రాస్తే ఆ రోజు అతనిదవుతుంది. వెంటనే "మీ రోజు ఖాయమైంది" అనే ఇంకో పేజీ వస్తుంది. బురదలో ఉన్న ఆడవాళ్ళు ఫోన్ ఎత్తే అవసరం లేదు, తెలియక ఒకే రోజును ఇద్దరికి మాటిచ్చి తిట్లు తినే అవసరమూ లేదు.

అంతా బాగుంది గానీ ఆ రెండో పేజీ రావడం లేదు.

మమత పద్ధతిగా రాసింది. "నమస్తే అన్నా. రైతు పేరు సేవ్ అయితాంది గని తర్వాత పేజీకి పోతలేదు. తెల్లగ అయి గక్కడ్నే ఆగుతాంది. కోడ్ కింద పెట్టిన. సోమవారం కాల్వకు నీళ్ళు ఇడుస్తున్నరు. అప్పటికి కాకపోతే మా అమ్మోళ్ళు మళ్ళ మేస్త్రి కాడికే పోవాలె."

ఆ కోడ్ తీసుకుని నా కంప్యూటర్లో నడిపాను. గుర్రంలా నడిచింది.

"నా దగ్గర మంచిగనే నడుస్తాంది చెల్లె" అని పెట్టాను.

"నా దగ్గర నడుస్తలేదన్నా" అని పెట్టింది.

నల్లగొండలో ఇంజనీరింగ్ చదివే అక్షిత కూడా నడిపి చూసింది. "నా దగ్గర గూడ నడుస్తాంది" అంది. గుట్ట మీదినుంచి శివకుమార్ కూడా అదే మాట. తెర ఫొటో పంపమంటే మమత పంపింది. పైన మూలకు శ్రీ, కింద అంతా తెలుపు. ఖాళీ పేజీలో చూసేదేముందని పక్కన పెట్టేశాను. సర్వర్ మార్చమన్నాను, మార్చింది. వేరే ఫోన్లో చూడమన్నాను, చూసింది. ఆ పిల్ల ఓపిక చూస్తే నాకే సిగ్గేసింది.

ఈలోపు రైతులు ఊరికే ఉంటారా? అంజన్న అనే ఆయన నొక్కితే తెల్ల తెర వచ్చింది. అందలేదేమో అని మళ్ళీ నొక్కాడు, ఇంకో రోజు మీద కూడా నొక్కాడు. నొక్కిన ప్రతి రోజూ ఆయన పేరు మీద సేవ్ అయి కూర్చుంది. ఉన్నది ఎకరం చెక్క, వారమంతా ఆయనదే! మిగతా రైతులు యాదమ్మ ఇంటికొచ్చి కొట్లాడారు.

ఆదివారం పొద్దున మమత ఫోన్ చేసింది. గొంతు బొంగురుగా ఉంది. ఆమె మాట్లాడుతుండగానే వెనక నుంచి యాదమ్మ మాట వినిపించింది.

"తెల్వకపోతే తెల్వదని చెప్పుమను బిడ్డా గా పిల్లగాన్ని. ఊకె ఆశ పెట్టుడెందుకు? మేస్త్రికి నేనే ఫోన్ చేస్త తియ్."

నాకు చుర్రుమంది. నాకు తెల్వదా? గ్రూపు పెట్టిన నాకు? షాపుకు తాళం వేసి బండి తీశాను. నకిరేకల్, నల్లగొండ దాటి హాలియా చేరేదాకా ఆ కోపం చల్లారలేదు.

వాళ్ళ ఇంటి ముందు గుంపులోని ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. రేపు ఎవరి పొలానికి పోవాలో తెలియక అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. నన్ను చూసి యాదమ్మ లేచింది.

"వచ్చినవా కొడుకా? గింత ఎండల! ముందు తిను."

"ముందు లాప్‌టాప్ చూపెట్టుండ్రి అమ్మా."

"ఖాళీ కడుపుతోని ఏం చూస్తవ్? కూసో."

తెల్వదని చెప్పుమన్న మనిషే పళ్ళెం నిండా అన్నం పెట్టి పచ్చిపులుసు పోసింది. కోపంతో తిందామనుకున్నాను గానీ ఆ పచ్చిపులుసు ముందు కోపం నిలవలేదు.

చేయి కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మూత మీద పసుపు బొట్టు ఉంది. మమత ఫైల్ తెరిచింది. అన్నిటికన్నా పైన, ప్రోగ్రాం మొదలు కాకముందే, మొదటి లైన్లో ఒకే ఒక్క అక్షరం ఉంది.

శ్రీ.

"ఇదేంది చెల్లె? గ్రూపుల పెట్టిన కోడ్‌ల ఇది లేదు గదా?"

"అది కోడ్ కాదు గదన్నా" అంది మమత అమాయకంగా. "ఏం రాసినా మొదలు శ్రీ పెట్టాలెనని అమ్మ అంటది. ఎర్రర్ వచ్చిందని అడిగేటప్పుడు నలుగుర్ల దేవుని పేరు ఎందుకని అది ఇడిసిపెట్టి మిగతాదంత పెట్టిన."

నాకు వచ్చింది నవ్వు! గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. మమత పంపిన ఫొటోలో ఆ శ్రీ నా కళ్ళ ముందే ఉంది. నా షాపు బిల్లు పుస్తకం మీదా అదే ఉంటుంది, మా ఇంట్లో పెళ్ళి పత్రిక మీదా అదే ఉంటుంది. శ్రీని ఎవరైనా ఆగి చదువుతారా? కన్ను దాన్ని దాటి కిందికి పోతుంది. వేరే దేశం వాడెవడైనా చూసి ఉంటే "పైన ఆ అక్షరమేంది?" అని మొదటి రోజే అడిగేవాడు. మనవాళ్ళం కనుక ఇన్ని బుర్రలు కలిసీ దొరకబట్టలేకపోయాం.

"నవ్వుతాండేంది ఈ పిల్లగాడు?" అంది యాదమ్మ.

"దొరికిందమ్మా! బస్సు సంగతే అనుకోండ్రి. బోర్డు మార్చేదుంటే జనం ఎక్కకముందే మార్చాలె. ఎక్కినంక మారుస్తమంటే నడువదు. ఈ పేజీ గూడ గంతే. 'ఇంకో పేజీకి పో' అనే మాట అన్నిటికంటె ముందు పోవాలె. దానికంటె ముందు ఒక్క అక్షరం తెర మీదికి వచ్చినా ఇంక దారి మళ్ళది. ఇక్కడ శ్రీ ముందు వస్తాంది. అది తీసేస్తే..."

"తీసేస్తవా?"

యాదమ్మ గొంతు మారిపోయింది. ఆడవాళ్ళంతా నన్నే చూశారు.

"శ్రీ తీసేసి నాటు మొదలుపెడ్తరా ఎవరన్న? పైరు ఇంటికి రావాల్నా వద్దా? మేస్త్రి కాళ్ళకాడికన్న పోత గని శ్రీ మీద చెయ్యి పెట్టనియ్య."

"అమ్మా!" అని మమత అరిచింది. పాపం, ఇన్ని రోజుల కష్టం ఒడ్డు దాకా వచ్చి ఒక అక్షరం దగ్గర మునిగిపోయేటట్టుంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి నా ప్రాణం చివుక్కుమంది.

"తియ్యనమ్మా" అన్నాను గబగబా. "జర లోపలికి జరుపుత. ప్రోగ్రాం మొదలైనంక రెండు ఏటవాలు గీతలు పెట్టి, వాటి పక్కకు శ్రీ రాస్త. గీతలున్న లైన్‌ను మిషిన్ చదువది. ఫైల్‌ల మాత్రం ఎప్పటికి ఉంటది."

"సదువంది పెట్టి లాభమేంది? దేవున్ని మోసం చేస్తున్నవా?"

ఎర్రర్ అయితే వెతుకుతాను, దేవుడి లెక్క నాకేం తెలుసు? తల గోక్కుంటుంటే గుంపులో పెద్దామె జానమ్మ నోట్లోని వక్క పక్కకు జరిపి మాట్లాడింది.

"ఓ యాదమ్మా, మనం ఏం చేస్తం? పొలంల దిగంగనే మొదటి పిడికెడు నారు ఈశాన్యం మూలకు నాటి పసుపు కుంకుమ పెడ్తమా లేదా? అది ఎవరి మునుంలనన్న కలుస్తదా? దాన్ని ఇడిసే గద నాట్లేస్తం. అట్లని మొక్కుడు మానినమా?"

మునుం అంటే నాటు వేసేటప్పుడు ఒక్కొక్కరు పట్టే వరస. యాదమ్మ జానమ్మను చూసింది, నన్ను చూసింది, లాప్‌టాప్ బొట్టును చూసింది. మెల్లగా ఆమె ముఖం విప్పారింది.

"గట్ల చెప్పు మరి! మూలకు పెట్టుడన్నట్టు. జరుపు బిడ్డా, మంచిగ మూలకు జరుపు."

నేను కుర్చీలోంచి లేచాను. మమతే కూర్చుని శ్రీని కిందికి జరిపి, దాని ముందు రెండు గీతలు పెట్టింది. అంజన్న పేరు మీద ఉన్న రోజులన్నీ తీసేసి, ఆయనకే ఫోన్ చేసి, మళ్ళీ బుక్ చేయమని స్పీకర్లో పెట్టింది.

"నొక్కిన" అన్నాడు అంజన్న. ఆడవాళ్ళంతా ఫోన్ మీదికి వంగారు. "ఆఁ, వచ్చింది! మీ రోజు ఖాయమైంది అని వచ్చింది. ఇంకోపారి నొక్కాల్నా?"

"వద్దు!" అని ఆడవాళ్ళంతా ఒక్కసారే అరిచారు. అరిచి, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. జానమ్మ నా వీపు మీద చరిచిన చరుపు ఇంటికొచ్చేదాకా గుర్తుంది. మమత నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టం. యాదమ్మ మాత్రం నా ముందు నిలబడి, "తెల్వదని చెప్పుమన్న గద కొడుకా, మనసుల పెట్టుకోకు" అని రెండు చేతులతో దిష్టి తీసి మెటికలు విరిచింది.

సోమవారం నీళ్ళు వదిలారు. షాపులో ఉండగా గ్రూపులో శివకుమార్ ప్రశ్న వచ్చింది. గుట్ట ఎక్కి, గ్రూపులో మమత పెట్టిన శ్రీ సంగతి చదివినట్టున్నాడు, కోడ్ మొదటి లైన్లో రెండు గీతలు పెట్టి శ్రీ రాశాడు. శ్రీ బాగానే ఉంది, కిందనే అంతా తప్పులు. తిట్టుకుంటూ రాయబోతుంటే మమత నుంచి ఫొటో వచ్చింది.

అంజన్న పొలం. మూలన పసుపు పూసిన పిడికెడు నారు. దాన్ని తాకకుండా పక్కనుంచి ఆడవాళ్ళు మునుం పట్టి వంగి ఉన్నారు. గట్టు మీద మేస్త్రి లేడు. ఫొటో కింద మమత ఒకే ముక్క రాసింది.

"పని చేస్తాందన్నా."

ఆ పూట అన్నం ఇంకో ముద్ద ఎక్కువే దిగింది.