వియ్యపురాలి చేతి ముద్ద

మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఆదెమ్మ కల్లంలో జారిపడింది. రాత్రి మంచు పడకుండా ఎండు కాయల మీద కప్పిన పట్టాను పొద్దున్నే లాగబోయింది. తడి పట్టా మీద కాలు జారి కుడిచేతి మీద పడింది. సత్తెనపల్లిలో ఎముకల డాక్టరు మణికట్టు విరిగిందని చెప్పి, మోచేతి దాకా సిమెంటు కట్టు వేశాడు.

ఆ ఇంట్లో ఆదెమ్మ చెయ్యి ఆగడమంటే చిన్న సంగతి కాదు. ముగ్గురు కొడుకులు, కోడళ్లు, మనవలు, అందరూ ఒకే ప్రహరీలో ఉంటారు, ఒకే పొయ్యి మీద వండింది తింటారు. పెద్దవాడు ఇమ్మానియేలు పొలం కౌలుకు తీసుకుని మిరప వేస్తాడు. రెండోవాడు కరుణాకర్ పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర మేస్త్రీ. చిన్నవాడు ఏసుబాబు ట్రాలీ ఆటోలో ఎండుమిరప బస్తాలు, అదే టిక్కీలు, గుంటూరు యార్డుకు తోలతాడు. ముగ్గురూ ఇంకా వేరుపడలేదంటే ఊళ్లోవాళ్లు వింతగా చెప్పుకుంటారు. అది తన చేతి వంట మహిమేనని ఆదెమ్మ నమ్మకం. ఆ మాట ఎవరితోనూ అనేది కాదు గానీ, అన్నం వండి కేకేస్తే మూడు వైపుల నుంచి ముగ్గురూ వచ్చి వరసగా కూర్చోవడం చూసి లోలోపల పొంగిపోయేది.

కోతల రోజుల్లో కోడళ్లు ముగ్గురూ పొద్దెక్కకుండానే చేలోకి పోవాలి. ఇంట్లో వంటకూ పిల్లలకూ మనిషి కావాలి. రెండో కోడలు రెబ్కా పొన్నూరులో ఉన్న వాళ్ల అమ్మకు ఫోన్ చేసింది. ఆమె పేరు శాంతి. భర్త అక్కడి చర్చి బడిలో పంతులుగా చేసి చనిపోయాడు. రెబ్కా ఒక్కతే కూతురు. ఫోన్ చేసిన మర్నాడే శాంతి ఒక సంచీ, సున్నుండల డబ్బా పట్టుకుని బస్సు దిగింది.

"వచ్చావా వదినా, నా ప్రాణం లేచొచ్చింది" అని ఆదెమ్మే ఎదురెళ్లింది. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు.

శాంతి గలగలా మాట్లాడే మనిషి కాదు. కానీ పిల్లలు ఆమె చుట్టూ చేరారు. సాయంత్రం తలలు దువ్వుతూ కథలు చెప్పేది. బైబిల్లో చేప మింగిన యోనా కథ చెప్పేటప్పుడు దుప్పటి కప్పుకుని తనే చేప అయ్యేది, పిల్లలు ఒక్కొక్కరే ఆ దుప్పట్లోకి దూరి కేకలు పెట్టేవాళ్లు. అంతకుముందు ఆ వేళకు వాళ్లంతా ఆదెమ్మ మంచం మీద ఎగబడుతూ ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ మంచం మీద ఆదెమ్మ, ఆమె కట్టు చెయ్యి మాత్రమే ఉన్నాయి.

రెబ్కా కూతురు షారోన్‌కు నాలుగేళ్లు. పుట్టినప్పటినుంచీ నానమ్మ చెవి తమ్మె పట్టుకుంటే గానీ ఆ పిల్లకు నిద్రపట్టదు. ఒకరోజు అది దిండు తీసుకుని అమ్మమ్మ పక్కకు మారింది. నానమ్మ కట్టు తగులుతోంది, గట్టిగా ఉంది అని కారణం కూడా చెప్పింది. ఆదెమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

కొడుకులు కూడా అంతే. శాంతి చేపల పులుసు పెడితే ఏసుబాబు మళ్లీ మళ్లీ వడ్డించుకున్నాడు. ఇంత చిక్కగా పులుసు ఎప్పుడూ తినలేదన్నాడు. అమ్మ పక్కనే ఉందని వాడికి గుర్తులేదు. ఆఖరికి కుటుంబ ప్రార్థనలో కూడా ఆదెమ్మకు కడుపు మండింది. శాంతి ఇంట్లో ఒక్కొక్కరినీ పేరుపెట్టి, ఎవరి కష్టం వాళ్లది ఎత్తి చెప్పి ప్రార్థన చేసేది. కరుణాకర్ దగ్గు దగ్గర్నుంచి ఒంగోలులో ఉన్న ఆదెమ్మ కూతురు హెలెన్ ట్రాన్స్‌ఫర్ దాకా ఏదీ మరిచేది కాదు. అందరూ కళ్లు మూసుకుని ఉంటే, ఆదెమ్మ ఒక్కతే కళ్లు తెరిచి వాళ్ల ముఖాలు చూస్తూ కూర్చునేది. ఎవరి ముఖం చూసినా ప్రశాంతంగా కనిపించేది.

ఒకరోజు శాంతి గుత్తివంకాయ వండుతుంటే ఆదెమ్మ వంటింటి గడపలో కూర్చుని, మా పెద్దాడు వంకాయ ముట్టడు వదినా, వాడికి పప్పు వెయ్యి చాలు అని చెప్పింది. ఇమ్మానియేలుకు వంకాయంటే ప్రాణం. మధ్యాహ్నం వాడు పళ్లెం చూసుకుని, అందరికీ వంకాయ వేసి నాకు పప్పేమిటని అడిగాడు. శాంతి ఒక్క క్షణం ఆదెమ్మ వైపు చూసింది.

"మర్చిపోయాను బాబూ" అని కూర తెచ్చి వేసింది.

తన అబద్ధం బయటపెట్టి ఉంటే ఆదెమ్మకు అంత బాధ అనిపించేది కాదు. తనను కాపాడిందే, అది మరీ భరించలేకపోయింది. ఆ పూట అన్నం సగంలో వదిలేసింది.

ఇక పండుమిరపకాయల పచ్చడి రోజు వచ్చింది. ఏటా మొదటి కోతల్లో మంచి పండు కాయలు ఏరి, తుడిచి, ఉప్పూ చింతపండూ వేసి రోట్లో దంచి జాడీకి ఎత్తడం ఆదెమ్మ పని. మూడోరోజున మెంతిపిండీ వెల్లుల్లీ కలిపి, ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెద్ద పళ్లెంలో వేడన్నంలో నెయ్యి వేసి ఆ పచ్చడి కలుపుతుంది. అందరూ చుట్టూ కూర్చుంటారు. గడ్డాలొచ్చిన కొడుకులు కూడా అరచెయ్యి చాపుతారు. ఆదెమ్మ ఒక్కొక్కరి చేతిలో ముద్ద పెడుతుంది. ఆ ఒక్క పూట ఆమెకు పండగల కన్నా ఎక్కువ.

ఈసారి దంచింది శాంతి. కలిపింది శాంతి. ముద్ద పెట్టమని పిల్లలు మొదలుపెట్టారు, పెద్దవాళ్లు కూడా సరేనన్నారు. ఆదెమ్మకు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నువ్వు హాయిగా చూడమ్మా, ఈసారికి రెస్టు తీసుకో అని కరుణాకర్ నవ్వుతూ అన్నాడు.

ఆమె చూసింది. పెద్దవాడి చెయ్యి, రెండోవాడి చెయ్యి, చిన్నవాడి చెయ్యి, తను కని పెంచిన చేతులు, ఒకదాని తర్వాత ఒకటి వేరే ఆడమనిషి ముందుకు వెళ్లాయి. పెద్దకోడలు చాపింది. రెబ్కా చిన్నపిల్లలా నవ్వుతూ రెండు చేతులూ చాపింది. ఇంకో ముద్ద అత్తయ్యా అని ఏసుబాబు అడుగుతున్నాడు. ముక్కులు కారుతున్నా పిల్లలు ఆపడం లేదు. ఇంట్లో అంత నవ్వు ఆదెమ్మ విని చాలా రోజులైంది. ఆ నవ్వంతా తను లేకుండా పుట్టిందే.

అప్పుడు శాంతి లేచి, చిన్న ముద్ద చేసి, ఆదెమ్మ నోటి దగ్గరకు తెచ్చింది. ఎడంచేత్తో చెంచాతో తినడానికి ఆమె అవస్థ పడటం రోజూ చూస్తోంది కదా, అందుకని.

ఆదెమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

"నా చెయ్యి విరిగింది గానీ నేను చావలేదు వదినా. నా పిల్లలకు ముద్ద పెట్టడానికి నేనున్నా. నీకు పెట్టుకోవడానికి ఎవరూ లేకపోతే దానికి నేనేం చెయ్యను."

నవ్వులు ఆగిపోయాయి. శాంతి ఆ ముద్దను తిరిగి పళ్లెంలో పెట్టి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లింది. ఇమ్మానియేలు ఏమిటమ్మా ఆ మాట అన్నాడు. ఒక్కొక్కరే లేచారు. పళ్లెంలో అన్నం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం శాంతి ఎప్పటిలాగే పిల్లల తలలు దువ్వింది. తెల్లారాక సంచీ సర్దుకుంది. ఇంటి పైకప్పు కారుతోంది, మనిషిని పిలిపించుకోవాలి అని చెప్పి బస్టాపుకు వెళ్లిపోయింది. ఆ సమయంలో వాన లేదు, వాన కాలమూ కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

రెబ్కా చేనుకు పోకుండా వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఆదెమ్మ వెళ్లి గుమ్మంలో నిలబడింది. ఏమైనా అంటుందని ఎదురుచూసింది.

రెబ్కా తల ఎత్తకుండానే చెప్పింది. "మీ చెయ్యి విరిగిందని నేను పిలిస్తే వచ్చింది మా అమ్మ. ఆవిడ ఏమీ అనుకోదు అత్తయ్యా. నేనే అనుకుంటాను."

తొమ్మిదేళ్లుగా రెబ్కా ఆమెకు ఎదురు మాట చెప్పలేదు. ఆదెమ్మ చెప్పులు వేసుకుని, కట్టిన చీరతోనే బస్టాపు వైపు నడిచింది.

శాంతి ఒక్కతే సిమెంటు అరుగు మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆదెమ్మను చూసి జరిగి చోటిచ్చింది. ఇంటికి పోదాం రా, నోరు జారాను అని ఆదెమ్మ అంది. క్షమించమని అడగడం ఆమెకు అలవాటు లేదు, మాట పెళుసుగా వచ్చింది.

"నాకు కోపం లేదు వదినా" అంది శాంతి. "నిజం చెప్పమంటే, నేను మీ చెయ్యి కోసమే రాలేదు. రెబ్కా ఫోన్ చేస్తే మా అత్తయ్య ఇది వండింది, మా అత్తయ్య అలా అంది, అదే మాట. నేను తిన్నానా అని అడగడం కూడా మర్చిపోతుంది. రెండు రోజులు వచ్చి ఉండవే అంటే, అత్తయ్య మీద బెంగొస్తుంది అంటుంది. కన్నది నేను కదా. అంత ఏముంది ఆ మనిషిలో అని చూడటానికి వచ్చాను. నిన్న అది రెండు చేతులూ చాపింది చూశారా. చిన్నప్పుడు అట్లాగే చాపేది." ఆమె ముక్కు తుడుచుకుంది. "ఆ సంతోషంలో మీ సంగతి మర్చిపోయాను. తప్పు నాదీ ఉంది."

ఆదెమ్మకు మొదట కలిగింది సంతోషమే. తన మీద ఇంకొకరు ఇంతకాలం కుళ్లుకుంటున్నారని వింటే గుండెలో ఎక్కడో చల్లగా అనిపించింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఎదుటి మనిషికి ఉన్నది ఒక్కటే కూతురు, ఆ ఒక్కదాన్నీ తనే లాక్కుని కూర్చుంది.

బస్సు వచ్చింది. శాంతి వెనక్కి రానంది. ఇప్పుడు వస్తే ఇంట్లో అందరూ నన్ను జాలిగా చూస్తారు, ఆ చూపు నాకొద్దు అంది. ఆదెమ్మ ఆమె చేతిలో సంచీ ఎడంచేత్తో లాక్కుని తనే ముందు బస్సెక్కింది.

"నీ ఇల్లు చూడాలి నేను. మన పిల్లల పెళ్లైనప్పటినుంచీ ఒక్కసారీ రాలేదు" అంది.

ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు కోసం కండక్టరు ఆధార్ కార్డు అడిగాడు. శాంతి దగ్గర ఉంది, ఆదెమ్మ దగ్గర లేదు. ఆదెమ్మకు శాంతే టికెట్టు కొంది. గుంటూరులో బస్సు మారి, మధ్యాహ్నానికి పొన్నూరు చేరారు.

ఇల్లు చిన్నది, శుభ్రంగా ఉంది. కడిగి బోర్లించిన పళ్లెం ఒకటి, గ్లాసు ఒకటి, పక్కన గుప్పెడు బియ్యం పట్టే చిన్న గిన్నె. ఆదెమ్మ ఆ గిన్నె వైపు చాలాసేపు చూసింది. తన ఇంట్లో అంతపాటి గిన్నెలో పిల్లికి పాలు పోస్తారు. ఆ పూట ఇద్దరికి వండే గిన్నె కోసం శాంతి పక్కింటి రహిమున్నీసా దగ్గరికి వెళ్లాల్సివచ్చింది. తిన్నాక, నీ పులుసు బాగుంటుంది వదినా, మా ఏసుబాబు చెప్పింది నిజమే అని ఆదెమ్మ చెప్పింది. ఆ మాట అనడానికి ఆమెకు చాలా కష్టమైంది.

ఆదెమ్మ ఫోన్ ఇంట్లోనే వదిలి వచ్చింది కాబట్టి ఫోన్లన్నీ శాంతి ఫోన్‌కే వచ్చాయి. ఇమ్మానియేలు చేశాడు, కరుణాకర్ చేశాడు, ఒంగోలు నుంచి హెలెన్ చేసింది, చెప్పకుండా పోతావా అని అందరూ కోప్పడ్డారు. ప్రతిసారీ శాంతి ఫోనెత్తి, ఇదిగో ఇస్తున్నా అని ఆదెమ్మకు అందించేది. ఆఖరికి షారోన్ చేసింది. ఆదెమ్మ గబగబా, అమ్మలూ, అన్నం తిన్నావా అంది. పిల్ల ఊకొట్టి, అమ్మమ్మకు ఇవ్వు నానమ్మా అంది. ఆదెమ్మ ఫోన్ ఇచ్చేసింది. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నంతసేపూ కిటికీ అవతల రహిమున్నీసా మేకను చూస్తూ కూర్చుంది.

మూడురోజులు ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. పచ్చడిలో వెల్లుల్లి ఎంత వెయ్యాలి, పిల్లలకు జ్వరమొస్తే తల తడపొచ్చా కూడదా, అన్నింటికీ వాదనే. అయినా ఆదెమ్మకు అన్నం తినిపించింది శాంతే. మొదటిరోజు వద్దన్న ఆదెమ్మ రెండోరోజు నోరు తెరిచింది.

నాలుగోరోజు ఏసుబాబు ట్రాలీ ఆటోలో జంపఖానా పరిచి అందరినీ ఎక్కించుకుని వచ్చేశాడు. ఇంట్లో కాళ్లు పెట్టుకోవడానికి చోటు లేదు. పళ్లేలు చాలక అరిటాకులు తెచ్చారు. రెబ్కా వచ్చీ రాగానే వాళ్లమ్మ భుజం మీద తల పెట్టుకుని నిలబడింది. ఆదెమ్మ అది చూసింది. ఈసారి కళ్లు తిప్పుకోలేదు గానీ, పంటి బిగువున ఊరుకుంది.

బయల్దేరే వేళకు షారోన్ అమ్మమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని రానని ఏడ్చింది. రెబ్కా లాక్కొస్తుంటే ఆదెమ్మ ఆపింది.

"ఉండనీవే. కోతలయ్యేదాకా ఇక్కడే ఉంటుంది. అంగన్‌వాడీకి పోకపోతే కొంపలేం మునగవు. మళ్లీ నువ్వే వచ్చి, రెండు రోజులు మీ అమ్మ దగ్గరుండి తీసుకురా."

రెబ్కా ఆమె ముఖంలోకి చూసింది. ఆటో ఎక్కేటప్పుడు అత్తగారి కట్టు చేతికి తగలకుండా ఆమె పక్కనే సర్దుకుని కూర్చుంది.

గుంటూరు దాటి ఇంటిదారి పట్టాక ఫోన్ చేసి చూడవే, పిల్ల ఏడుస్తోందేమో అని ఆదెమ్మ అంది. రెబ్కా చేసి స్పీకరు పెట్టింది. షారోన్ నవ్వుతోంది. అమ్మమ్మ చేప కథ చెబుతోందని, తను దుప్పట్లో ఉన్నానని చెప్పింది. నానమ్మ మీద బెంగగా ఉందా అని రెబ్కా అడిగితే, లేదు అని ఫోన్ పెట్టేసింది.

"చూశావా, బాగానే ఉంది" అంది ఆదెమ్మ.

కాసేపయ్యాక కరుణాకర్, ఏంటమ్మా ముఖం అలా పెట్టావు, చెయ్యి నొప్పిగా ఉందా అని అడిగాడు. కాదంది. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. వాటి వైపు చూస్తూ, కోతలయ్యేదాకా ఆగకుండా వచ్చే వారమే రెబ్కాతో తను కూడా పొన్నూరు పోవాలని ఆదెమ్మ అప్పటికే నిశ్చయించుకుంది.